కంప్యూటర్ కొన్నాం సరే, లోపల వేసేదాని ఖరీదెంత?



రంజాన్ నెలలో చందాలకు తిరిగేటప్పుడు మాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మన సెంటర్‌కి ఒక కంప్యూటర్ ఇద్దామనుకుంటున్నాం మాస్టారూ, ఎంతవుతుంది?" మొన్నమొన్నటి దాకా మేము తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లం. "ముప్పై వేలు పెడితే మంచిదే వస్తుంది సాబ్" అని. ఆ జవాబు సగమే నిజమని ఇప్పుడు తెలిసింది. దాచిపెట్టి చెప్పింది కాదు, మాకే తెలియదు. తెలిశాక మాత్రం దాతల ముందు పెట్టకుండా ఉండటం అమానత్ అనిపించుకోదు గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

సెంటర్ మొదలుపెట్టినప్పుడు పది కంప్యూటర్లు ఒకే దుకాణంలో కొన్నాం. బిల్లులో మానిటర్, సీపీయూ, కీబోర్డు, మౌస్, యూపీఎస్ అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేదు. అడిగితే దుకాణం ఆయన నవ్వి, "అన్నీ వేసే ఇస్తాం భాయ్, మీ దగ్గర దానికి వేరే డబ్బులా?" అన్నాడు. పేద పిల్లల సెంటర్ అని మొహమాటపడి ఉచితంగా ఇస్తున్నాడనుకున్నాం. దువా కూడా చేశాం. విండోస్, ఆఫీస్, ఫోటోషాప్, ట్యాలీ, ఇన్‌పేజ్, తెలుగు ఫాంట్లు అన్నీ వచ్చాయి.

కొన్ని నెలలకు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె చెయ్యెత్తి, "సార్, ఈ మూల ఏదో యాక్టివేట్ చెయ్యమని వస్తోంది, చెయ్యమంటారా?" అని అడిగింది. దుకాణానికి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు. "యాంటీవైరస్ రెండు నిమిషాలు ఆపాలి సార్" అన్నాడు. ఆపాడు, ఏదో నడిపాడు, ఆ అక్షరాలు పోయాయి. టీ ఇచ్చి పంపాం. ఆ తర్వాత స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో ఒక ఉదయం చూస్తే స్కాన్ చేసి పెట్టిన ఫైళ్లేవీ తెరుచుకోలేదు. పేర్ల చివర అర్థంకాని అక్షరాలు చేరాయి. డబ్బు కడితే తెరుస్తామని ఇంగ్లీషులో ఒక నోటు కనిపించింది. ఆ పెన్‌డ్రైవ్ వల్లే ఇలా జరిగిందని మేము నిరూపించలేం. కానీ కాపలావాణ్ణి పక్కకు పంపి తలుపు తెరిచింది మేమేనన్నది నిజం. నలభై మందికి పైగా పిల్లల ఆదాయ ధ్రువపత్రాలు, బోనఫైడ్లు, బ్యాంకు పాస్‌బుక్ పేజీలు మళ్లీ తెప్పించి స్కాన్ చేశాం. ఇద్దరికి గడువు దాటిపోయింది. ఆ ఇద్దరి అమ్మానాన్నలకు ఏం చెప్పామో ఇక్కడ రాయలేం.

అప్పుడు కూర్చుని లెక్క వేశాం.

కంప్యూటర్ అంటే ఇనుము, ప్లాస్టిక్, చిప్పులు. దాన్ని నడిపించేది విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్. దాని మీద లెటర్లకు, లెక్కలకు, బొమ్మలకు వేరువేరు ప్రోగ్రాములు ఉంటాయి. వీటిని మనం బియ్యం కొన్నట్టు కొనం. వాడుకునే అనుమతి కొంటాం, దాన్నే లైసెన్సు అంటారు. విండోస్ హోమ్ లైసెన్సు విడిగా కొంటే సుమారు పది వేల రూపాయలు. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ కలిసిన ఆఫీస్, ఒకసారి కొనేసే రకం, ఇంచుమించు అంతే అవుతుంది. ఏటా చందా కట్టే రకం మొదట చవగ్గా కనిపిస్తుంది గానీ కొన్నేళ్లకు దాన్ని దాటిపోతుంది. ట్యాలీ సిల్వర్, అంటే ఒక్క కంప్యూటర్‌కు ఇచ్చే లైసెన్సు, 22,500 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 26,550. ఫోటోషాప్‌ను అడోబీ కంపెనీ 2013లోనే చందా పద్ధతికి మార్చేసింది. నెలనెలా కడుతూ ఉండాల్సిందే, ఆపితే ఆగిపోతుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి గుండ్రంగా చెబుతున్నాం. విండోస్, ఆఫీస్ రెండే తీసుకున్నా ఒక్కో యంత్రానికి ఇరవై వేలు, పదింటికి రెండు లక్షలు. అంటే మూడు లక్షలకు యంత్రాలు కొన్న మేము, ఇంకో రెండు లక్షల విలువైనదాన్ని అడక్కుండా వాడుకుంటూ కూర్చున్నాం.

ఇంటర్నెట్‌లో అయిదారు వందలకు విండోస్ కీ దొరుకుతుందని కొందరు పెద్దలు చెప్పారు. దొరుకుతుంది. కానీ వాటిలో చాలావరకు పెద్ద సంస్థలకు టోకున ఇచ్చిన లైసెన్సుల నుంచి విడదీసి అమ్మేవి. ఏదో ఒక రోజు కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. రశీదు కూడా ఉండదు. మన ఆడిటర్‌కు ఏం చూపిస్తాం?

చట్టం సంగతి చూస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాకపోతే కోర్టు జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో వదలవచ్చు. ఒక సేవా సెంటర్ మీదికి ఎవరొస్తారులే అనే ధైర్యం మాలో కొందరికి ఉండేది.

ఆ ధైర్యం దీన్ దగ్గరికి వచ్చేసరికి నిలవలేదు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్ సమావేశంలో 43వ తీర్మానం చేసింది. రచన మీద, ఆవిష్కరణ మీద, వ్యాపార నామం మీద ఉన్న హక్కులు షరీఅత్ దృష్టిలో నిజమైన హక్కులే, వాటిని అతిక్రమించడం తగదు అని అందులో ఉంది. మన ఉపఖండపు పాత ఉలమాల్లో కొందరు రచన హక్కును అమ్ముకునే ఆస్తిగా ఒప్పుకోలేదన్న మాటా నిజమే. మా కమిటీలో దాని మీద ఒక సాయంత్రం అంతా చర్చ నడిచింది. చివరికి ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు: "ఇన్‌పేజ్ చేసింది ఢిల్లీలోని కంపెనీ. వాళ్లు ఉర్దూకి నస్తాలీఖ్ అక్షరాలు కూర్చి పెడితే, ఉర్దూ పేరు చెప్పుకునే మనమే డబ్బివ్వకుండా వాడుకోవడమా?" హుఖూఖుల్ ఇబాద్ గురించి పిల్లలకు పాఠం చెప్పే గదిలోనే ఆ కంప్యూటర్లూ ఉన్నాయి.

మరి రెండు లక్షలు ఎక్కడివి? ఇక్కడ దాతలు గమనించాల్సిన విషయం ఒకటుంది. మన హనఫీ పద్ధతిలో జకాత్ సొమ్మును హక్కుదారుడి చేతికి సొంతం చేసి ఇవ్వాలి, దాన్నే తమ్లీక్ అంటాం. సెంటర్‌కు చెందే యంత్రమైనా, లైసెన్సైనా జకాత్‌తో కొనలేం. అది లిల్లాహ్ పద్దు నుంచే రావాలి. మనకు వచ్చే సొమ్ములో ఆ పద్దు ఎంత చిన్నదో ఈ సంచిక చివర జమాఖర్చుల పట్టికలో మీరే చూస్తారు.

అందుకని ముందు అడిగిన ప్రశ్న మార్చాం. ఏమేం కొనాలి అని కాకుండా, మన పిల్లలు నిజంగా ఏం చేస్తున్నారు అని రాసుకున్నాం. టైపింగ్, లెటర్లు, లెక్కల పట్టికలు, ఇంటర్నెట్‌లో దరఖాస్తులు, పాఠాల వీడియోలు, పై తరగతి వాళ్లకు కాస్త ప్రోగ్రామింగ్. వీటిలో ఒక్కదానికీ డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దాని కెర్నెల్, అంటే మూలభాగం, రాయడం మొదలుపెట్టాడు. అంతకుముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనా వాడుకునే, మార్చుకునే, పంచుకునే సాఫ్ట్‌వేర్ ఉండాలని ఒక పని ప్రారంభించాడు. ఆ రెండూ కలిసినదే ఇవాళ ఉబుంటు, మింట్ లాంటి పేర్లతో దొరుకుతోంది. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ కూడా భారతీయ భాషలతో బాస్ అనే లినక్స్ తయారుచేసింది. దీన్ని మన వాళ్లకు చెప్పాలంటే వక్ఫ్ బావి పోలిక బాగుంటుంది. ఎవరో తవ్వించారు, ఎవరైనా తోడుకోవచ్చు, ఎవరూ తాళం వేయకూడదు. ఫిఖ్ ప్రకారం అది వక్ఫ్ అని కాదు, అర్థం కావడానికి చెబుతున్నాం. వర్డ్, ఎక్సెల్ పనికి లిబ్రె ఆఫీస్, ఫోటోల పనికి గింప్, డిజైన్లకు ఇంక్‌స్కేప్ అలాగే దొరుకుతాయి. తెలుగుకు యూనికోడ్ ఫాంట్లు, రామభద్ర, మండలి, గిడుగు లాంటివి, ఉచితమే. ఉర్దూకి నోటో నస్తాలీఖ్ ఉంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాయి. మనకు కొత్త గానీ లోకానికి కొత్త కాదు.

ఇంకో మేలు కూడా కలిసొచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు కావాలి. దానాల్లో వచ్చిన మా పాత యంత్రాలు కొన్నింటికి అవి లేవు. తుక్కు కింద వేయాల్సినవి లినక్స్ మింట్‌తో ఇప్పుడు పిల్లలకు పనికొస్తున్నాయి.

అన్నీ ఉచితంతో గడిచాయని మాత్రం చెప్పం. పై చదువులకు, ఉద్యోగాలకు వెళ్లే పిల్లల్ని "ఎక్సెల్ వచ్చా, ట్యాలీ వచ్చా" అనే అడుగుతారు. లిబ్రె ఆఫీస్‌లో నేర్చిన లెక్కల పట్టిక ఎక్సెల్‌లో అక్కరకు వస్తుంది, కానీ మెనూలు వేరు, ఇంటర్వ్యూలో పిల్లలు తడబడతారు. కొన్ని ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు విండోస్‌తోనే సరిగా పనిచేస్తాయి. అందుకని పదింటిలో మూడింటికి అసలైన విండోస్ కొన్నాం. వాటిలో రెండింటికి ఆఫీస్ కూడా కొన్నాం. మొత్తం సుమారు యాభై వేలు. మిగతా ఏడింటిలో లినక్స్ వేశాం. ట్యాలీ కొనలేదు. దానికి కంపెనీ వారే ఉచితంగా ఇచ్చే ఎడ్యుకేషనల్ మోడ్ ఉంది. అందులో నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీలు వేయగలం. దుకాణం లెక్కలకు చాలదు గానీ నేర్చుకోవడానికి బాగా సరిపోతుంది. ఈ సంగతి ముందే తెలిసుంటే దొంగ ట్యాలీ జోలికి వెళ్లేవాళ్లమే కాదు. యాంటీవైరస్ కూడా కొనలేదు. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచి, అప్‌డేట్లు సమయానికి వేస్తే మా పనికి అది చాలు. దుకాణాల వాళ్లు అంటగట్టే యాంటీవైరస్ సీడీ ఖర్చు మీ ఇళ్లలో కూడా చాలావరకు తప్పించుకోవచ్చు.

ఇలా రెండు లక్షలు యాభై వేలకు దిగింది. కానీ లెక్క అక్కడ ముగియలేదు, మాకు అసలు విషయం బోధపడింది కూడా అక్కడే. లినక్స్ ఉచితం, దాన్ని వేసి నిలబెట్టే మనిషి ఉచితం కాదు. దుకాణం కుర్రాడికి అది రాదు. యాభై దాటిన మేము కొత్త మెనూలు నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. మాకంటే ముందు పిల్లలు నేర్చేసుకుని మాకే చెప్పారు, అది వేరే సంగతి. ఇంజనీరింగ్ చదివిన ఒక తమ్ముడు వారానికి రెండు రోజులు వచ్చి అప్‌డేట్లు చూస్తాడు, ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ తీస్తాడు, పాఠం చెబుతాడు. అతనికి నెలకు ఆరు వేలు ఇస్తున్నాం, ఏడాదికి 72,000. ఇది యాభై వేల లైసెన్సుల కంటే ఎక్కువ, పైగా ప్రతి ఏడాదీ ఉండేది. స్కాలర్‌షిప్ ఫైళ్ల లాంటి నష్టం మళ్లీ జరగకుండా ఆపుతున్నది అతను తీసే ఆ కాపీలే.

ఇక్కడ కొంచెం నిష్ఠూరంగా ఉన్నా చెప్పక తప్పదు. కంప్యూటర్ ఇచ్చినవారి మర్హూమ్ అమ్మానాన్నల పేరు సీపీయూ మీద స్టిక్కర్ వేసి అంటిస్తాం. లైసెన్సు మీద అంటించడానికి చోటు లేదు. పాఠం చెప్పే తమ్ముడి మీద అసలే లేదు. కంప్యూటర్లకు దాతలు దొరికినంత తేలిగ్గా ఆ ఆరు వేలకు దొరకలేదు. పోయిన ఏడాది నాలుగు నెలలు కమిటీ సభ్యులమే తలా కొంత వేసుకున్నాం.

కాబట్టి ఈ ఏడాది రంజాన్‌లో "ఒక కంప్యూటర్ ఎంత?" అని ఎవరైనా అడిగితే మా జవాబు ఇది: యంత్రానికి ముప్పై వేలు. విండోస్ వేయాల్సినదైతే దానికి పది వేలు కలపండి. ఏది వేసినా దాన్ని చూసుకునే మనిషికి ఏడాదికి ఏడు వేలు. యంత్రం ఇవ్వలేని వారు ఆ ఏడు వేలు మాత్రమే ఇచ్చినా ఒక కంప్యూటర్ ఇచ్చినవారి వరుసలోనే పేరు రాస్తామని కమిటీ తీర్మానించింది. లిల్లాహ్ పద్దు అని రశీదు మీద రాయించుకోవడం మరవకండి.

ఇంట్లో వాడని కంప్యూటర్ ఇవ్వదలిచినవారు మీ ఫోటోలు, బ్యాంకు కాగితాలు ముందుగా వేరే చోటికి తీసుకుని, డిస్కులో పూర్తిగా తుడిచేసి ఇవ్వండి. పెట్టె మీద విండోస్ స్టిక్కరు ఉంటే చింపకండి. యంత్రంతో పాటు వచ్చిన లైసెన్సు ఆ యంత్రానికే చెల్లుతుంది. కొన్న బిల్లు దొరికితే దానితో కలిపి పంపండి.