సూది ఒకసారే... ఒకరికే!

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారు ఏమరితే ముప్పే

పొద్దున్నే పాలకేంద్రంలో పాలు పోసి వచ్చిన ఆ పెద్దాయన గూట్లో ఉన్న సిరంజీ అందుకున్నాడు. సీసాలోంచి మందు ఎక్కించి, చొక్కా పైకెత్తి పొట్టకు గుచ్చుకున్నాడు. మళ్లీ అదే సిరంజీలో మందు ఎక్కించి భార్యకు ఇచ్చాడు.

"అదేంటి పెద్దాయనా, ఒకే సూదా?" అని అడిగితే నవ్వాడు. "ఇద్దరికీ షుగరే గదా నాయనా! ఒక కంచంలో తినేవాళ్లం, ఒక సూదికి ఏమొచ్చింది?" అన్నాడు. ఆ సిరంజీ మొదలుపెట్టి అప్పటికి వారం దాటిందట. మొద్దుబారితే గాని కొత్తది కొనరట.

నెల తిరక్కుండానే ఆమె తొడమీద గడ్డ లేచింది. పసుపు రాశారు, ఆకు కట్టారు. చీముపట్టి జ్వరం వచ్చాక పెద్దాసుపత్రికి తీసుకుపోయి కోయించారు. సిరంజీల మీద మిగుల్చుకున్న డబ్బు ఆటో ఖర్చులకు కూడా చాలలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఒకప్పుడు సూదిమందు అంటే ఆసుపత్రికో, ఆర్‌.ఎం.పి. దగ్గరకో వెళ్లేవారు. ఇప్పుడు ఇన్సులిన్ వేసుకునేవారు ఊరూరా ఉన్నారు. ఎవరి సూది వారే వేసుకుంటున్నారు. ఎలా గుచ్చుకోవాలో ఒకసారి చూసి నేర్చుకుంటున్నారే గాని, శుభ్రత సంగతి పట్టించుకునేవారు తక్కువ.

కాచితే సరిపోతుందా?

పెద్దవాళ్లకు గాజు సిరంజీల కాలం గుర్తుండే ఉంటుంది. డాక్టరుగారు స్టీలు డబ్బాలో సిరంజీ, సూదులు వేసి స్టవ్ మీద కాచేవారు. ఆ సూదులు మళ్లీ మళ్లీ కాచి వాడేందుకే తయారైనవి. ఇప్పటి ప్లాస్టిక్ సిరంజీ అలాంటిది కాదు. కాస్తే కొలత గీతలు చెరుగుతాయి, గొట్టం వంకర పోతుంది. కొందరు సూదిని స్పిరిట్‌తో తుడిచి దాచుకుంటారు. సూది తేలిగ్గా దిగడానికి దానిపై ఉండే నున్నని పూత తుడుపుతో పోతుంది. కంటికి కనిపించకపోయినా మొన వంగుతుంది. అందుకే నొప్పి, నెత్తురు.

ఎప్పటికప్పుడు కొత్త సూది వాడడమే సరైన పద్ధతి. కొనే స్తోమత లేదని సిగ్గుపడి దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకో, నర్సమ్మకో చెప్పి, ఆసుపత్రి నుంచి ఏమి దొరుకుతాయో అడగాలి.

భార్యాభర్తలైనా సరే

ఒకరి సూది మరొకరికి అసలే పనికిరాదు. కంటికి కనిపించనంత నెత్తురు చాలు, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌.ఐ.వి. ఒకరినుంచి ఒకరికి పాకడానికి. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలనే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్-బి వ్యాపించి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇన్సులిన్ పెన్ను వాడేవారు కొందరు "సూది మారుస్తున్నాం గదా, పెన్ను ఒకటైతేనేం?" అంటారు. అదీ ప్రమాదమే. గుచ్చినప్పుడు నెత్తురు వెనక్కి ఎక్కి మందుగొట్టంలో కలవవచ్చు. పెన్ను కూడా ఒక్కరికే.

మూత రంగు చూశారా?

శుభ్రత ఎంత ముఖ్యమో కొలతా అంతే ముఖ్యం. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలలో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు. దానికి ఎర్రమూత సిరంజీ వాడాలి. 100 యూనిట్ల మందుకు నారింజరంగు మూత సిరంజీ వేరే ఉంది.

ఇవి తారుమారైతే ఏమవుతుందో లెక్క చూడండి. 40 రకం మందును నారింజమూత సిరంజీలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగరు దిగదు. 100 రకం మందును ఎర్రమూత సిరంజీలో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు వెళుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి. చదువురానివారు ఇంట్లో పిల్లలచేత చూపించుకోవాలి.

షుగరు పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. తెలివి ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

వేసుకునే పద్ధతి

ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాలు పితికిన చేతులతో, పేడ తీసిన చేతులతో సిరంజీ ముట్టుకోరాదు. సూది గుచ్చే చోటు కూడా శుభ్రంగా ఉండాలి. సీసా రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి. తెల్లగా మబ్బుగా ఉండే మందైతే సీసాను రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. గట్టిగా కుదపరాదు. నీళ్లలా తేటగా ఉండవలసిన మందు మబ్బుపట్టినా, ఏ మందులోనైనా గడ్డలు కనిపించినా, పారవేయాలి.

పొట్టకు వేసుకునేవారు బొడ్డు చుట్టూ మూడువేళ్ల దూరం వదలాలి. తొడకైతే ముందు, బయటి వైపు మంచిది. బట్టల మీదుగా గుచ్చుకోరాదు. మందు ఎక్కించాక పదిదాకా లెక్కపెట్టి సూది తీయాలి. ఆ చోట రుద్దరాదు.

రోజూ ఒకేచోట గుచ్చితే నొప్పి తెలియదని కొందరికి అలవాటు. అక్కడ కొవ్వు గడ్డకట్టి, మందు సరిగా ఒంటబట్టదు. "మందు వేసుకుంటున్నా షుగరు ఎందుకు తగ్గటంలేదు?" అని అడిగే కొందరి విషయంలో కారణం ఇదే. ముందురోజు గుచ్చిన చోటికి కనీసం వేలెడు దూరం జరగాలి. గుచ్చిన చోట ఎర్రబడి, వేడిగా వాచి, చీముపడితే పిసకడం, పసరు పోయడం మాని ఆసుపత్రికి వెళ్లాలి.

ఫ్రిజ్ లేనివారికి

తెరవని సీసాలను ఫ్రిజ్‌లో ఉంచాలి గాని, మంచు గడ్డకట్టే అరలో పెట్టరాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. తెరిచిన సీసాను సాధారణంగా 4 వారాలలోపు వాడేయాలి. తెరిచిన తేదీ సీసాకు అంటించిన కాగితం మీద రాసుకోవాలి. ఫ్రిజ్ లేనివారు మట్టికుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్నకుండ దించి, మందును నీరు తగలని డబ్బాలో పెట్టి అందులో ఉంచుకోవచ్చు. కుండ నీడన, గాలి తగిలే చోట ఉండాలి. ఇసుక ఆరకుండా చూసుకోవాలి.

వాడేశాక ఎక్కడ?

వాడిన సూదులు పెంటకుప్పలో, కాలవగట్టున కనిపిస్తున్నాయి. చెత్త ఎత్తే పంచాయతీ కార్మికుల చేతులకు, వట్టికాళ్లతో ఆడుకునే పిల్లలకు అవి గుచ్చుకుంటున్నాయి. మన సూది మన గుమ్మం దాటి మరొకరి ప్రాణం మీదికి పోకూడదు. మందమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇందుకే కేటాయించి, వాడిన వెంటనే అందులో వేసి, పిల్లలకు అందకుండా పెట్టాలి. ముప్పాతిక నిండాక మూత గట్టిగా బిగించాలి. దాన్ని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి, ఎక్కడ ఇవ్వాలో అడిగి ఇవ్వాలి.

ఎవరికైనా అలాంటి సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

షుగరు జబ్బు మనిషికి ఇన్సులిన్ మొదటిసారి ఇచ్చింది 1922 జనవరి 11న, కెనడాలోని టొరాంటోలో. లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి వేసిన ఆ సూదిలో మందు శుద్ధిగా లేక గడ్డ లేచింది. మందును మరింత శుద్ధి చేసి అదేనెల 23న మళ్లీ ఇచ్చారు. పిల్లవాడు కోలుకున్నాడు. మందును శుద్ధిగా ఉంచే పని ఇప్పుడు ఫ్యాక్టరీలు చేస్తున్నాయి. సూదిని శుద్ధిగా ఉంచే పని మన చేతుల్లోనే ఉంది.

ఆ పెద్దాయన ఇంట్లో ఇప్పుడు గూటిలో రెండు డబ్బాలున్నాయి. ఒకటి ఆయనది, ఒకటి ఆమెది. "కంచం ఒకటే నాయనా, సూదులే వేరు" అంటున్నాడాయన.