వంకరదారి నడిచినవారి బయోడేటా

ఇంటర్మీడియెటు తప్పి, కొన్నేండ్లు మెకానిక్ షెడ్డులోనో, దుకాణములోనో, గల్ఫు దేశములోనో గడపి తిరిగి చదువునకు వచ్చిన విద్యార్థులు మా తరగతులలో కలరు. ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయునపుడు ఆ యేండ్లను ఎక్కడ దాచవలెనని వారు మమ్ము అడుగుదురు. దాచవలదనియే మా సమాధానము.

1482 ప్రాంతమున లియొనార్డో డావించి మిలాను పాలకుడగు లుడొవికో స్ఫోర్జా కొలువు కోరుచు ఒక విన్నపము సిద్ధపరచెను. చిత్రకారుడై యుండియు, అందు మొదట చెప్పుకొన్నది తేలిక వంతెనలు, యుద్ధ యంత్రములు నిర్మించు నేర్పును. చిత్రకళ ప్రసక్తి చివరి భాగమునగాని రాదు. యజమానికి అవసరమైనదానిని ముందుంచుటయే అందలి కీలకము.

కావున బయోడేటాలో తొలుత 'చేయగల పనులు' అను శీర్షిక క్రింద మూడు నాలుగు నేర్పులను నిదర్శనములతో వ్రాయవలెను. 'దుకాణములో పనిచేసితిని' అనుటకంటె 'చిట్టా ఆవర్జాలు రెండేండ్లు నేనే వ్రాసితిని' అనుట మేలు. పిదప ఇటీవలి పని మొదలుకొని వెనుకకు, సంవత్సరములతో చూపవలెను. చదువు ఆగుటకు కారణము ఒక్క వాక్యమున చెప్పిన చాలును: 'తండ్రిగారి అనారోగ్యము వలన 2019 నుండి 2021 వరకు కుటుంబ దుకాణము నడిపితిని.'

సంవత్సరములు మార్చుట మాత్రము కూడదు. ధ్రువపత్రములు చూచిన నాడు ఆ అబద్ధము బయటపడి, నిజమైన అనుభవమునకు సైతము విలువ లేకుండ చేయును. దారి వంకరయైనంత మాత్రమున నడిచిన దూరము తగ్గదు.