కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో ఉదయం టిఫిన్

ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే ఈ మధ్య తరచుగా మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టర్, మా ఇంటాయనకు క్రియాటినిన్ ఎక్కువుందన్నరు. పొద్దుగాల టిఫిన్ ఏం పెట్టాలె?"

ముందుగా ఒక పెద్దాయన సంగతి చెబుతాము. ఆయన డయాలసిస్ చేయించుకుంటున్నారు. కాళ్లు పట్టు తప్పుతున్నాయని, గుండె అదోలా కొట్టుకుంటోందని ఇంటివాళ్లు తీసుకొచ్చారు. ఇ.సి.జి. చూడగానే డాక్టరుగారు అత్యవసరంగా డయాలసిస్ పెట్టించారు. రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. ఆయన భార్యను అడిగితే, "నీరసంగ ఉంటున్నడని రోజు రాగి జావ, కొబ్బరి బొండం నీళ్లు ఇస్తున్న సిస్టరమ్మా. మంచియే కదా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను తప్పు పట్టలేము. ఆరోగ్యవంతులకు అవి మంచివే. కాని దెబ్బతిన్న కిడ్నీలు పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేవు. రక్తంలో అది సుమారు 3.5 నుండి 5 మధ్య ఉండాలి. మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

నిజానికి మన టిఫిన్లతో పెద్ద చిక్కు లేదు. ఇడ్లీ, బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, అటుకులు చాలామందికి సరిపోతాయి. చిక్కంతా పక్కన వేసుకునే వాటితోనే. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ, టమాట చట్నీ, గిన్నెడు సాంబారు, వీటన్నిటిలో పొటాషియం ఉంటుంది. పల్లీలలో ఫాస్ఫరస్ కూడా ఎక్కువ. ఇక పచ్చడి! 2025లో జి.ఐ. గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చితో పెట్టినదైనా సరే, అందులోని ఉప్పు ఉప్పే.

చట్నీకి బదులు సొరకాయ వాడండి. ముక్కలు చిన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చాలి. ఇలా చేస్తే పొటాషియం కొంత పోతుంది. ఒక చెంచా నూనెలో జీలకర్ర, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, ముక్కలతో కలిపి నూరి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే చాలు. ఉప్మాలో వేసే క్యాబేజీని కూడా అలాగే వార్చుకోవాలి. ఇద్దరికి చేసే ఉప్మాకు పావు టీస్పూన్ ఉప్పు మించవద్దు. సర్వపిండి లేనిదే ఉండలేమనే వారు పల్లీలు, నువ్వులు మానేసి, ఉల్లిపాయ, వార్చి పిండిన సొరకాయ తురుముతో చేసుకోవచ్చు. మేము చేసి చూశాము, రుచి కాస్త తగ్గిన మాట నిజమే.

ఉప్పు రోజంతటికీ 5 గ్రాముల లోపే, అంటే ఒక టీస్పూన్ కంటే తక్కువే ఉండాలి. ఇడ్లీ పిండిలో వంట సోడా వేస్తే అదీ సోడియమే. "తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్లు మాత్రం కొనకండి, వాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి ఉప్పు గురించి ఇచ్చిన సలహా కిడ్నీ జబ్బు ఉన్నవారికి వర్తించదని స్పష్టంగా చెప్పింది.

డయాలసిస్ మొదలైన వారికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి, కనుక టిఫిన్‌తో పాటు ఉడికించిన గుడ్డు తెల్లసొన పెట్టండి. డయాలసిస్ లేనివారు డాక్టరు చెప్పినంతే తీసుకోవాలి. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు రాసి ఉంటే టిఫిన్‌తోనే వేసుకోవాలి, పరగడుపున వేసుకుంటే ఫలితం ఉండదు. నీళ్లు కొలిచి తాగమన్న వారు టీ, జావ కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.

అయితే భయంతో అన్నీ మానేసి బ్రెడ్డు ముక్కతో కాలం గడిపి చిక్కిపోయేవారిని చూస్తే మాకు ఇంకా బాధ కలుగుతుంది. పొటాషియం అందరికీ పెరగదు. ఏది మానాలో మీ రక్త పరీక్ష చెబుతుంది, పక్కింటివారు కాదు. అందుకే ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు రిపోర్టుతో పాటు మీ ఇంట్లో ఉప్పు వేసే చెంచా కూడా తెచ్చి మాకు చూపించండి. మొన్న ఒకావిడ తెచ్చింది చెంచా కాదు, చిన్న గరిటె!