మీకు తెలుసా? రెంబ్రాంట్ రాగిరేకు మీద అప్పిచ్చినవారి ఎస్టేట్

• డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1651లో హార్లెమ్ నగరం దగ్గరి సాక్సెన్‌బర్గ్ ఎస్టేట్‌ను ఎచింగ్‌గా చెక్కాడు. దాని యజమాని క్రిస్టోఫెల్ థైస్. 1639లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇల్లు కొన్న రెంబ్రాంట్, అప్పటికింకా ఆ ఇంటి సొమ్ము ఆయనకు బాకీ ఉన్నాడు. ఆ ఇల్లే నేటి రెంబ్రాంట్ మ్యూజియం.

• చిత్రం పేరు ‘గోల్డ్‌వేయర్స్ ఫీల్డ్’. ఈ ఎస్టేట్ ‘గోల్డ్‌వేయర్’ (బంగారం తూచేవాడు)గా పేరుపడ్డ పన్నుల అధికారి ఔటెన్‌బోగార్ట్‌దని చాలాకాలం పొరబడటంతో ఆ పేరు స్థిరపడింది.

• ఎత్తు సుమారు 12, వెడల్పు 32 సెంటీమీటర్లు. అంత చిన్న కాగితంలోనే తోపులు, భవంతి, ఆరబెట్టిన నారబట్టల బారులు, దూరాన హార్లెమ్ పెద్ద చర్చి అన్నీ ఇమిడిపోయాయి. ఆకాశాన్ని మాత్రం దాదాపు ఖాళీగా వదిలేశాడు. నేల అంత విశాలంగా కనిపించేది అందుకే!

• ఎచింగ్‌లో రాగిరేకుకు మైనం పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. గీత పడినచోటే రాగిని ఆమ్లం తినేస్తుంది. ఆ పల్లాల్లో నిలిచిన సిరా కాగితానికి అంటుతుంది. బొమ్మ అద్దంలోలా కుడిఎడమలు తారుమారై అచ్చవుతుంది.

• చెట్ల నీడల్లోని మఖమల్ లాంటి నలుపు డ్రైపాయింట్ మహిమ. సూదితో నేరుగా రాగిని గీరితే అంచున లేచే సన్నటి పొరకు సిరా పట్టుకుంటుంది. అచ్చులు తీసేకొద్దీ ఆ పొర అరిగిపోతుంది. అందుకే తొలి ప్రతులకు అంత విలువ. ఎక్కడైనా ఈ చిత్రం కనబడితే ముందు ఆ నీడలే చూడండి!