పసిగుడ్డుకు అంత చలి ఎందుకు?

బిడ్డ పుట్టిన ఇంటికి ఆశా కార్యకర్త వెళ్ళటం మీరు చూసే ఉంటారు. ఆమె సంచిలో థర్మామీటరు, త్రాసు, గడియారం ఉంటాయి. వాటిని తీయకముందే బిడ్డ పొట్టను, పాదాలను చేత్తో తాకి చూస్తుంది. మే నెల ఎండల్లోనూ అంతే. ఎందుకని?

కాగితం, పెన్సిలు తీసుకోండి. భుజం 1 సెం.మీ. ఉన్న ఘనానికి ఉపరితలం 6 చ.సెం.మీ., ఘనపరిమాణం 1 ఘ.సెం.మీ. భుజం 2 సెం.మీ. అయితే ఉపరితలం 24, ఘనపరిమాణం 8. అంటే పెద్ద ఘనంలో ఒక్కొక్క ఘ.సెం.మీ.కు 3 చ.సెం.మీ. ఉపరితలమే, చిన్నదానిలో 6! వేడి పుట్టేది ఒంటి లోపల, పోయేది చర్మం గుండా. గిన్నెడు అన్నంకంటే కంచంలోని ముద్ద ముందు చల్లారేది ఇందుకే. బరువుతో పోల్చి చూస్తే 3 కిలోల బిడ్డకు పెద్దవారికంటే రెట్టింపుకు మించి చర్మం ఉంటుంది.

పైగా పుట్టినప్పుడు ఒళ్ళంతా ఉమ్మనీటితో తడిసి ఉంటుంది. కూజాలో నీరు చల్లబడే సూత్రం మీకు తెలిసిందే. మనకైతే చలికి వణుకు వచ్చి వేడి పుడుతుంది. పసిబిడ్డ అలా వణకలేదు. మెడ దగ్గర, భుజాల నడుమ ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకుని వేడి పుట్టించుకోవాలి. నెలలు నిండని బిడ్డకు ఆ కొవ్వూ తక్కువే. చల్లబడిన బిడ్డ పాలు సరిగా తాగదు. పాలు తగ్గితే వేడి మరింత తగ్గుతుంది. ప్రాణం మీదికి వచ్చేది ఇలాగే.

అందుకే ఒళ్ళు పొడిగా తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టమంటారు. కనీసం 24 గంటలు స్నానం వద్దంటారు. పుట్టగానే నీళ్ళు పోయటం పాత అలవాటు. నాయనమ్మలు ప్రేమతోనే పోస్తారు గాని, భౌతికశాస్త్రం ప్రేమను లెక్కచేయదు కదా!

ఈ పనులు పల్లెటూరి స్త్రీలు చేయగలరా అన్న సందేహం ఒకప్పుడు ఉండేది. తెలంగాణకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ 39 గ్రామాలలో కొద్దిపాటి చదువున్న స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. వెచ్చదనం, తల్లిపాలు, సూక్ష్మజీవులు సోకితే మందు, అన్నీ వారి చేతిలోనే పెట్టారు. 1999లో ఫలితాలు వెలువడ్డాయి. మూడో ఏటికి, మామూలు పద్ధతిలో సాగిన పక్క గ్రామాలతో పోలిస్తే, మొదటి 28 రోజుల మరణాలు 62 శాతం తగ్గాయి. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు ఇళ్ళకు వెళుతున్నది ఈ బాటలోనే.

ఇక గడియారం సంగతి. బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తుంటే ప్రమాద సూచన. పసివారి ఊపిరి ఒకసారి వేగంగా, మరోసారి ఆగి ఆగి నడుస్తుంది కనుక నిమిషం పూర్తిగా లెక్కించాలి. అరవై దాకా లెక్కరాని మంత్రసానుల కోసం బంగ్ దంపతులు ఒక నిమిషపు ఇసుక గడియారానికి పూసలు జోడించారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్రపూస జరిగితే బిడ్డకు వైద్యం కావాలన్నమాట.