హైడ్రోఫాయిల్: కైట్‌కి వేరు, సర్ఫింగ్‌కి వేరు.. కొనే ముందు ఈ నంబర్ చూడండి

పోయిన వారం సరూర్‌నగర్‌లో ఫ్రెండ్ ఒకడు ఫోన్‌లో సెకండ్ హ్యాండ్ యాడ్ చూపించాడు. కార్బన్ హైడ్రోఫాయిల్, సగం ధర. "వైజాగ్ రుషికొండలో దీంతోనే సర్ఫింగ్ నేర్చుకుంటా, తీసుకోనా?" అన్నాడు. స్పెక్స్ చూశా. ముందు రెక్క 600 చదరపు సెంటీమీటర్లు, మాస్ట్ 100 సెంటీమీటర్లు. అది కైట్ రేసింగ్ ఫాయిల్. వద్దన్నా. ఎందుకంటే..

అసలు ఎలా పనిచేస్తుంది?

బోర్డు కింద నిలువుగా ఉండే కడ్డీ మాస్ట్. దాని అడుగున చిన్న విమానంలా ముందు ఒక రెక్క, వెనక ఇంకో చిన్న రెక్క. నీళ్లలో వేగం అందుకోగానే రెక్క లిఫ్ట్ ఇచ్చి బోర్డుని పైకి లేపుతుంది. నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ, అందుకే ఇంత చిన్న రెక్క మనిషిని మోయగలుగుతుంది.

కీలకం ఏంటంటే, లిఫ్ట్ వేగం వర్గంతో పెరుగుతుంది. నేను వేసిన లెక్క: బోర్డుతో కలిపి 75 కిలోల బరువుకి గంటకు 18 కి.మీ. వేగంలో సుమారు 1200 చదరపు సెం.మీ. రెక్క కావాలి. 36 కి.మీ.లో అయితే 300 చాలు. వేగం రెట్టింపు, రెక్క పావు వంతు!

కైట్ vs సర్ఫ్

కైట్‌కి గాలి లాగుడు ఉంటుంది కాబట్టి చిన్న, సన్నని రెక్క. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి వచ్చిన ఫార్ములా కైట్ రేసుల్లో గంటకు 60 కి.మీ. పైనే వెళ్తారు. పొడవాటి మాస్ట్ వల్ల ఒరిగి పరుగెత్తినా రెక్క నీళ్లలోనే ఉంటుంది.

సర్ఫింగ్‌లో లాగేది అల ఒక్కటే, అదీ నెమ్మదిగా. అందుకే పెద్ద, మందపాటి రెక్క. ఒడ్డు దగ్గర లోతు తక్కువ కాబట్టి మాస్ట్ 70 సెం.మీ. అటూఇటూ. మావాడు ఆ రేస్ ఫాయిల్‌తో అల మీద లేవనే లేవలేడు. పైగా మీటరు మాస్ట్ ఇసుకకి తగిలితే బోర్డు ఠక్కున ఆగుతుంది, మనిషి ముందుకి ఎగిరిపడతాడు. రివర్స్‌లో, సర్ఫ్ రెక్కని కైట్‌కి పెడితే వేగంలో లిఫ్ట్ ఎక్కువైపోయి రెక్క నీటిపైకి వచ్చేస్తుంది. లిఫ్ట్ ఒక్కసారిగా పోతుంది, పడేది ఆ కత్తిలాంటి అంచుల దగ్గరే.

సేఫ్టీ: ఇక్కడ బేరాలొద్దు

* రెండిటికీ హెల్మెట్ (ఈఎన్ 1385 మార్క్ చూడండి), ఇంపాక్ట్ వెస్ట్ తప్పనిసరి.
* పడబోతున్నామని తెలియగానే ఫాయిల్‌కి దూరంగా పక్కకో వెనక్కో పడాలి. తల ముందు పెట్టి దూకొద్దు.
* సర్ఫ్‌లో లీష్ వాడతారు, లేదంటే వదిలేసిన బోర్డు వేరేవాళ్లకి తగులుతుంది. కైట్‌లో బోర్డుకి లీష్ వద్దు. కైట్ మనల్ని లాగుతుంటే అది బోర్డుని మన మీదకే తెస్తుంది.
* కైట్‌కి క్విక్ రిలీజ్ ఐఎస్ఓ 21853 ప్రకారం ఉందో లేదో చూసుకోండి. సంక్రాంతికి మేడ మీద మాంజా వేలు ఎలా కోస్తుందో మనకి తెలుసు. ఇక్కడ తాళ్ల చివర మనిషిని లేపేంత గాలి ఉంటుంది.
* ఈతగాళ్లు, మామూలు సర్ఫర్లు ఉన్న చోట ఏ ఫాయిలూ వద్దు.

మావాడు ఆ యాడ్ వదిలేశాడు. ముందు మామూలు బోర్డు మీద అల పట్టడం నేర్చుకుంటాడట. మీరూ కొనేటప్పుడు "కార్బన్" అన్న పదం కాదు, ముందు రెక్క వైశాల్యం అడగండి. ఆ నంబర్ చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనొద్దు.