చర్మపు కాగితాలు తెమ్మన్న పౌలు

చెరసాలలో ఉన్న పౌలు తిమోతిని ఏమడిగాడు? అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు. మరణం దగ్గరపడినా ఆయన చదువు మానలేదు. మనమైతే బాప్తిస్మమప్పుడు నేర్చుకున్న నాలుగు మాటలతోనే ముసలివాళ్లమైపోతున్నాం.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, సెవానీలో ఎపిస్కోపల్ (ఆంగ్లికన్) సంఘానికి చెందిన విశ్వవిద్యాలయం ఉంది. సామాన్య విశ్వాసుల కోసం అది 1975లో 'ఎడ్యుకేషన్ ఫర్ మినిస్ట్రీ' అనే నాలుగేళ్ల చదువు ప్రారంభించింది. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, వేదాంతం ఏడాదికొకటి. చిన్న గుంపుగా వారం వారం కూడుకుంటారు. దూరాన ఉన్నవారు ఇంటర్నెట్‌లో కలుస్తారు. ఇంట్లోనో ఆఫీసులోనో జరిగిన ఒక సంగతిని తెచ్చి లేఖనాల వెలుగులో పరిశీలిస్తారు. మాకు నచ్చింది ఇదే. ఇది చదివితే గురువు పట్టా రాదు. నర్సు నర్సుగానే ఉండి సేవ చేస్తుంది.

మనకిది కొత్తేమీ కాదు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య, దోర్నకల్‌లో గ్రామ ఉపదేశకులతో పాటు వారి భార్యలకూ శిక్షణ ఇప్పించారు.

పాస్టరుగారు ఒక్కరే నాలుగూళ్లు చూసుకునేచోట, ఆయన రాని ఆదివారం వాక్యం చెప్పేది సంఘపెద్దే. తప్పు చెబితే దిద్దేవారుండరు. ఆయన చేతిలో ఇప్పుడు ఫోనుంది. కావలసినవి తెలుగులో పాఠాలు, కలిసి చదవడానికి పక్క ఊరి పెద్ద.